తొలి విశ్వపు క్వాసార్ వేట: ఒక జులై నుంచి ఏడాదిన్నర తర్వాతి జనవరి దాకా

మా పేపర్ ఈ జనవరిలో ఆమోదం పొందింది. మాకు దొరికిన క్వాసార్ (భారీ కృష్ణబిలంలోకి వాయువు పడుతూ విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రం) ఆకాశంలో ఎక్కడుందో మా బృందం దాటి బయటికి పోకూడదు కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు ఆ ఆంక్ష లేదు. దూరపు క్వాసార్ దొరికిందన్న వార్త వచ్చినప్పుడల్లా ఒక ఊహాచిత్రం వేసి, విశ్వం వయసు, కృష్ణబిలం బరువు చెప్పి వదిలేస్తారు. ఆ రెండు అంకెలు రావడానికి మనుషులు ఏం చేస్తారో, ఎక్కడెక్కడ ఎంతెంత ఆగుతారో రాసేవాళ్ళు తక్కువ. ఈ పనిలోకి దిగాలనుకుంటున్న విద్యార్థులు నన్ను అడిగేది అదే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా పరిశోధన మొదటి ఏడాది పూర్తయ్యాక, జులైలో మా గైడ్ గారు ఈ పని అప్పగించారు. రెడ్‌షిఫ్ట్ 6.5కు పైనున్న క్వాసార్లు, అంతకుముందు ఎవరూ లోతుగా వెతకని ఆకాశపు భాగంలో ఏమైనా ఉన్నాయేమో చూడాలి. రెడ్‌షిఫ్ట్ అంటే విశ్వం విస్తరించడం వల్ల కాంతి ఎంత సాగిందో చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ వస్తువు అంత దూరం, అంత పాతకాలం. వినడానికి ఎంత సులువో! హైడ్రోజన్ విడిచే కాంతిలో లైమన్ ఆల్ఫా అనే గీత 121.6 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. రెడ్‌షిఫ్ట్ 6.5 అంటే ఆ కాంతి మన దగ్గరికి వచ్చేసరికి ఏడున్నర రెట్లు సాగి 912 నానోమీటర్ల దగ్గర పడుతుంది. అది కంటికి కనిపించే రంగుల అవతల, పరారుణపు అంచు. ఆ గీతకు నీలం వైపు ఉన్న కాంతిని దారిలోని తటస్థ హైడ్రోజన్ మింగేస్తుంది. ఇలా జరగాలని గన్, పీటర్సన్ అనే శాస్త్రవేత్తలు 1965లోనే చెప్పారు. 2001లో స్లోన్ ఆకాశ సర్వేలో దొరికిన 6.28 రెడ్‌షిఫ్ట్ క్వాసార్‌లో అది మొదటిసారి స్పష్టంగా కనిపించింది. కాబట్టి మనం వెతికే వస్తువు నీలం వైపు నుంచి వరసగా వచ్చే జి, ఆర్, ఐ ఫిల్టర్లలో అసలు కనిపించకూడదు, జెడ్ ఫిల్టర్‌లో ఉండీ లేనట్టుండాలి, ఇంకా అవతల పరారుణంలో ఉన్న వై, జె ఫిల్టర్లలో వెలగాలి.

సూత్రం అంతే. కష్టమంతా సంఖ్యల్లో ఉంది. పాన్-స్టార్స్ సర్వే కేటలాగు ఒక్కదానిలోనే సుమారు 300 కోట్ల వస్తువులున్నాయి. వాటిని పరారుణ సర్వేలతో, ఆకాశాన్ని పరారుణంలో చూసిన వైజ్ ఉపగ్రహం కొలతలతో జతచేసి, పైన చెప్పిన రంగుల షరతులు పెట్టి జల్లెడ పట్టాలి. మనకు కావలసినవి ఎన్ని ఉంటాయి? బాగా వెలిగే క్వాసార్లు ఆ కాలంలో ఘన గిగాపార్సెక్‌కు ఒకటి చొప్పున కూడా ఉండటం కష్టం. గిగాపార్సెక్ అంటే 326 కోట్ల కాంతి సంవత్సరాలు. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ అంతే ఉన్న చోటంతా వెతికితే ఒకటి దొరకొచ్చు. మొదటి రోజు ఈ లెక్క వేసుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఆగస్టు అంతా బొమ్మలు చూడటంతో సరిపోయింది. ఇది ఎవరూ ముందుగా చెప్పని సంగతి. ఎన్ని షరతులు పెట్టినా కంప్యూటర్ ఇచ్చే జాబితాలో ఎక్కువ భాగం వస్తువులే కావు. డిటెక్టర్‌కు కాస్మిక్ కిరణం తగిలితే ఒకే ఫిల్టర్‌లో చుక్క పడుతుంది. అది మిగతా ఫిల్టర్లలో లేదు కాబట్టి అచ్చం మనకు కావలసిన రంగు వచ్చేస్తుంది. ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ వచ్చే ముళ్ళు, అద్దాల్లో తిరిగి పడే ప్రతిబింబాలు, ఒక రాత్రి ఇక్కడుండి మరో రాత్రి అక్కడికి జరిగే గ్రహశకలాలు, డిటెక్టర్ అంచుల్లోని లోపాలు, అన్నీ ఈ జాబితాలోకి వచ్చి కూర్చుంటాయి. ఒక్కొక్క వస్తువుకూ అన్ని ఫిల్టర్లలోని చిన్న చిన్న బొమ్మలను వరసగా పెట్టుకుని కంటితో చూడాల్సిందే.

మా గ్రూపులో సీనియర్ ఒకావిడ మొదటి వారంలోనే ఒక మాట చెప్పింది. "ఒకేసారి గంటకు మించి చూడకు. ఆ తర్వాత ప్రతి చుక్కా నీకు క్వాసార్‌లాగే కనిపిస్తుంది." అక్షరాలా నిజం. అలసిపోయిన కన్ను మొదట కఠినంగా మారుతుంది, తర్వాత మరీ ఉదారంగా మారుతుంది. అందుకే మేమిద్దరం విడివిడిగా మార్కులు వేసుకుని, వారం చివర పోల్చుకునేవాళ్ళం. ఇద్దరి మార్కులూ తేడాగా ఉన్నచోటే ఎక్కువ నేర్చుకున్నాను. ఆమె ఎందుకు వద్దందో అడిగితే, వైజ్ బొమ్మలో పక్కనున్న గెలాక్సీ కాంతి మన చుక్క మీద ఎలా కలిసిపోయిందో చూపించేది. వైజ్ చూపు అంత పదునైనది కాదు, దాని బొమ్మలో రెండు వస్తువులు ఒకటిగా కనిపించడం మామూలే. పుస్తకాల్లో ఇది దొరకదు. ఎవరి పక్కనైనా కూర్చుని నేర్చుకోవాలి.

ఈ వడపోత తర్వాత మిగిలినవి నిజమైన వస్తువులే. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. వాటిలో దాదాపు అన్నీ మన గెలాక్సీలోనే, పక్కనే ఉన్న చల్లటి నక్షత్రాలు. ఎం రకం మరుగుజ్జులు, ఇంకా చల్లగా ఉండే ఎల్, టి రకం గోధుమ మరుగుజ్జులు. సూర్యుడి ఉపరితలం 5,800 కెల్విన్ల దగ్గర ఉంటే, ఇవి వెయ్యి, రెండు వేల కెల్విన్ల దగ్గర ఉంటాయి. ఒక మైక్రాన్‌కు (1,000 నానోమీటర్లు) తక్కువ తరంగదైర్ఘ్యాల్లో వాటి కాంతి నిటారుగా పడిపోతుంది. ఫిల్టర్లలో చూస్తే 1,300 కోట్ల ఏళ్ళ నాటి క్వాసార్ రంగూ, కొన్ని వందల కాంతి సంవత్సరాల దూరంలోని మరుగుజ్జు రంగూ ఒకటే. పైగా వీటి సంఖ్య మన క్వాసార్ల కంటే వేల రెట్లు ఎక్కువ.

టి రకాన్ని వైజ్ రంగులు చాలావరకు పట్టిస్తాయి. ఎం, ఎల్ రకాలు తప్పించుకుంటాయి. కొన్ని సంవత్సరాల తేడాతో తీసిన రెండు సర్వేల బొమ్మలు పోల్చి, వస్తువు కాస్తయినా జరిగిందేమో చూస్తాం. జరిగితే అది దగ్గరిదే, కొట్టేయొచ్చు. జరగకపోతే ఏమీ తేలదు. 2011లో 7.085 రెడ్‌షిఫ్ట్ క్వాసార్‌ను పట్టిన బృందం ఇలాంటి చోట సంభావ్యత లెక్కలు వాడింది. ఈ ప్రకాశంలో, ఈ దిక్కున, ఈ రంగులో మరుగుజ్జు ఉండే అవకాశం ఎంత, క్వాసార్ ఉండే అవకాశం ఎంత అని ప్రతి వస్తువుకూ లెక్కకట్టి వరస పెడతారు. మేమూ అదే దారి పట్టాం. నా అభిప్రాయం ఒకటి చెప్తాను. ఈ వరసలో పైనున్నవాటినే చూసి కిందివాటిని వదిలేయడం ప్రమాదం. మన లెక్కలోకి వెళ్ళే క్వాసార్ నమూనా ఇంతకుముందు దొరికినవాటి నుంచి చేసిందే. దొరికినవాటిలాంటివే మళ్ళీ దొరుకుతాయి, వేరేరకంగా ఉన్నవి జాబితా అడుగున పడి ఉంటాయి. ఈ సంగతి మీద మా గ్రూపులో చాలా వాదన జరిగింది. చివరికి టెలిస్కోప్ జాబితాలో కొంత భాగాన్ని కిందివాటి కోసం అట్టేపెట్టాం.

సెప్టెంబర్‌లో ప్రపోజల్ గడువు. పెద్ద టెలిస్కోపుల్లో చాలావాటికి ఏడాదిని రెండు భాగాలు చేస్తారు. ఫిబ్రవరి నుంచి జులై దాకా ఒకటి, ఆగస్టు నుంచి జనవరి దాకా మరొకటి. ఒక్కోదానికీ నెలల ముందే అడగాలి. అడిగేవాళ్ళు ఇవ్వగలిగిన రాత్రుల కంటే ఎన్నో రెట్లు ఉంటారు. శాస్త్రం గురించి రాసే రెండు మూడు పేజీల కంటే, సమయం లెక్క చెప్పే అర పేజీకే నాకు ఎక్కువ రోజులు పట్టాయి. ఒక్కో వస్తువుకు ఎన్ని నిమిషాల ఎక్స్‌పోజర్, టెలిస్కోప్ తిప్పి వస్తువును స్పెక్ట్రోగ్రాఫ్ (కాంతిని రంగులుగా విడదీసే పరికరం) చీలికలో పెట్టడానికి ఎంత, కొలతలు సరిచూసుకోవడానికి వాడే ప్రామాణిక నక్షత్రానికి ఎంత, అన్నీ కలపాలి. కాంతి సేకరించే సమయమే లెక్కేసి మిగతాది మరిచిపోతే రాత్రిలో మూడో వంతు గాల్లో కలిసిపోతుంది. మా గైడ్ గారు ఆ పేజీని పదే పదే తిప్పి పంపారు. అప్పుడు విసుగొచ్చింది. కొండ మీదికి వెళ్ళాక ఆ పేజీయే నాకు ఆధారమైంది.

ఫలితం డిసెంబర్‌లో వచ్చింది. అడిగినదానిలో సుమారు సగం ఇచ్చారు, అదీ పౌర్ణమి చుట్టూ. వెన్నెల రాత్రులిచ్చారేంటని మొదట నిరాశపడ్డాను. అందులో నష్టమేమీ లేదని సీనియర్ నచ్చజెప్పింది. వెన్నెల నీలం వైపు ఆకాశాన్ని పాడుచేస్తుంది కానీ పరారుణంలో దాని ప్రభావం తక్కువ. పరారుణంలో ఆకాశం తనంతట తానే వెలుగుతుంది. పైవాతావరణంలోని హైడ్రాక్సిల్ అణువులు రాత్రంతా సన్నటి గీతల్లో కాంతి విడుస్తుంటాయి. వాటి ముందు చంద్రుడు పెద్ద సమస్య కాదు. అందుకే పరారుణంలో పనిచేసేవాళ్ళకు వెన్నెల రాత్రులు ఇస్తారు. ఇది తెలిసి అడిగితే పోటీ కాస్త తగ్గుతుంది కూడా. కొత్తవాళ్ళకు పనికొచ్చే సంగతి.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో చిన్న టెలిస్కోపులతో జాబితాను ఇంకా కుదించాం. జె ఫిల్టర్‌లో మళ్ళీ ఫొటోలు తీసి ప్రకాశాన్ని మెరుగ్గా కొలిస్తే చాలా క్యాండిడేట్ల రంగు మారిపోతుంది. సర్వే కొలతలో ఉన్న చిన్న తేడా వల్ల జాబితాలోకి వచ్చినవన్నీ ఇక్కడ రాలిపోతాయి. నెలల తరబడి చూసుకుని, నంబరు గుర్తుండిపోయిన ఒక్కో చుక్కనూ కొట్టేయడం తేలిక కాదు. ఇది మంచి పనే, పెద్ద టెలిస్కోప్ సమయం మిగులుతోంది అని బుద్ధికి తెలుసు. మనసుకు మాత్రం రోజుకొకటి పోగొట్టుకుంటున్నట్టే ఉండేది.

ఫిబ్రవరి చివర్లో ఒక ఉదయం కొత్త పేపర్ల జాబితా తెరిచాను. మా వరసలో రెండో స్థానంలో ఉన్న వస్తువు, వర్ణపటంతో సహా, వేరే బృందం పేపర్లో ఉంది. నిజంగానే క్వాసార్. వాళ్ళు మాకంటే ముందు వెళ్ళి చూశారు, అంతే. తప్పు ఎవరిదీ కాదు. ఆకాశం అందరికీ ఒకటే, సర్వేలు అందరికీ తెరిచే ఉంటాయి, అందరి సూత్రమూ ఇంచుమించు ఒకటే. అయినా ఆ రోజు పని చేయలేకపోయాను. మా గైడ్ గారికి ఫోన్ చేస్తే, "అంటే నీ జాబితా పనిచేస్తోందన్నమాట. మిగతావాటిని చూడు" అన్నారు. ఆ మాట ఓదార్పుగా అనలేదు, నిజంగానే అలా అనుకున్నారు. దాన్ని పట్టుకునే మార్చి దాకా వచ్చాను.

మార్చిలో చిలీ వెళ్ళాను. లాస్ కంపానాస్ అబ్జర్వేటరీ, అటకామా ఎడారి దక్షిణపు అంచున, సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ 6.5 మీటర్ల మాజెల్లాన్ టెలిస్కోపులు రెండున్నాయి. లా సెరెనా పట్టణం నుంచి కారులో కొండెక్కుతుంటే చెట్టన్నది కనిపించడం మానేస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే మొదటి రోజే పెదవులు పగిలాయి. గదుల కిటికీలకు వెలుతురు చొరబడని తెరలుంటాయి, ఎందుకంటే అక్కడ పగలే నిద్ర. రాత్రిపూట గోపురాల దగ్గర కారు హెడ్‌లైట్లు వేయకూడదు. పరిశీలన మొదలయ్యే ముందు రోజే చేరుకుని రాత్రంతా మెలకువగా ఉండమని సలహా ఇచ్చారు. తప్పక పాటించాల్సిన సలహా. తెల్లవారుజామున నాలుగింటికి, సరిగ్గా నిర్ణయాలు తీసుకోవలసినప్పుడు, నిద్ర తక్కువైన బుర్ర మొండికేస్తుంది.

మధ్యాహ్నం పూట కాలిబ్రేషన్లు. దీపం వెలిగించి డిటెక్టర్‌లోని ప్రతి పిక్సెల్ ఎలా స్పందిస్తుందో నమోదు చేయడం, తరంగదైర్ఘ్యం తెలిసిన గీతలిచ్చే దీపంతో కొలబద్ద తయారుచేసుకోవడం. సూర్యాస్తమయం అయ్యాక ఆపరేటర్ గోపురం తెరుస్తారు. టెలిస్కోప్ నడిపేది ఆయనే, మనం చెప్పాల్సింది ఎక్కడికి, ఎంతసేపు అని. మన వస్తువు ఎంత మసకగా ఉంటుందంటే చాలాసార్లు కెమెరాలో కనిపించదు. అందుకని పక్కనున్న వెలుగైన నక్షత్రాన్ని సన్నటి చీలికలో పెట్టి, అక్కడినుంచి లెక్క ప్రకారం ఇన్ని ఆర్క్‌సెకండ్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకండు) తూర్పుకు, ఇన్ని ఉత్తరానికి అని టెలిస్కోప్‌ను జరుపుతారు. జరిపాక చీలికలో మన వస్తువు ఉందో లేదో కంటికి తెలియదు. నమ్మి షట్టర్ తెరవాలి. ఆ నక్షత్రాల జాబితాను ఇంటి దగ్గరే రెండుసార్లు సరిచూసుకుని తీసుకెళ్ళండి.

ఒక్కో ఎక్స్‌పోజర్ పది నిమిషాలు. వస్తువును చీలికలో ఒక చోట పెట్టి ఒకటి, కాస్త పక్కకు జరిపి మరొకటి. మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తే ఆకాశపు గీతలు చాలావరకు పోయి, వస్తువు తెల్లటి గీతగా, నల్లటి గీతగా రెండుసార్లు మిగులుతుంది. ఈ తీసివేత అక్కడికక్కడే తెరమీద చేసి చూస్తాం. శాస్త్రమంతా తర్వాత. కొండ మీద తేల్చాల్సింది ఒక్కటే, ముందుకు పోవాలా, వదిలేసి తర్వాతిదానికి వెళ్ళాలా అని.

మొదటి రాత్రి అన్నీ మరుగుజ్జులే. వాటిని గుర్తుపట్టడం త్వరగానే వచ్చేస్తుంది. వాటి గీత నీలం నుంచి ఎరుపుకు మెల్లగా పైకి లేస్తుంది, నీటి ఆవిరి, మీథేన్ పట్టీల దగ్గర లోయలు, మధ్యలో గుట్టలు. పది నిమిషాల్లో తేలిపోతుంది. "నెక్స్ట్" అని ఆపరేటర్‌కు చెప్పి, నా నోట్సులో ఆ వస్తువు ఎదురుగా రకం రాసుకునేదాన్ని. నెలల పాటు చూసుకున్న చుక్క పది నిమిషాల్లో మామూలు నక్షత్రమై కూర్చుంటుంది. మా వరసలో మొదటిది కూడా ఎల్ రకమే. ఆ ఒక్కటి మాత్రం మనసుకు బాగా తగిలింది. రెండో రాత్రి మధ్యలో గాలి పెరిగింది. హద్దు దాటితే గోపురం మూసేయాల్సిందే, అది భద్రత నియమం. మూసి ఉన్న గోపురంలో గాలివేగం చూపే గ్రాఫ్ ముందు కూర్చోవడమే ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే కష్టమైన పని. చేతిలో చేయగలిగింది ఏమీ లేదు. ఆ రాత్రి మళ్ళీ దొరకదు. మరుసటి సెమిస్టర్‌లో మళ్ళీ అడగాలి, ఇస్తారన్న నమ్మకం లేదు.

ఆఖరి రాత్రి గాలి తగ్గింది. వాతావరణం స్థిరపడి నక్షత్రాల బొమ్మలు అర ఆర్క్‌సెకండుకు దగ్గరగా పదునెక్కాయి. తెల్లవారుజామున జాబితా అడుగు భాగం నుంచి ఒకదాన్ని తీసుకున్నాం. సంభావ్యత లెక్కలో తక్కువ మార్కులొచ్చినది. వైజ్ రంగు మా నమూనాకు సరిగ్గా అతకలేదు. మొదటి రెండు ఎక్స్‌పోజర్లు తీసివేసి తెరమీద పెట్టాను.

ఎడమ వైపు ఏమీ లేదు. కుడి వైపు గీత ఉంది. మెల్లగా లేవలేదు. ఒక్కచోట మొదలైంది, మొదలవడమే పూర్తి వెలుగుతో మొదలైంది.

కళ్ళు నమ్మలేదు. డిటెక్టర్ అంచేమో, ఆకాశపు గీత సరిగ్గా పోలేదేమో అని కాంట్రాస్ట్ మార్చి చూశాను. నల్లటి గీత కూడా అదే చోట మొదలైంది. కొలబద్ద పెట్టి చూస్తే ఆ మెట్టు 925 నానోమీటర్ల దగ్గర. దాన్ని 121.6తో భాగిస్తే 7.61, అందులోంచి ఒకటి తీసేస్తే రెడ్‌షిఫ్ట్ 6.61. ఈ భాగహారం చేసేటప్పుడు చేతులు వణికాయి. వీడియో కాల్‌లో ఉన్న మా గైడ్ గారికి తెర చూపించాను. కాసేపు ఆయనేమీ అనలేదు. తర్వాత, "ముందు ప్రామాణిక నక్షత్రం తీసుకో. ఆ తర్వాత మళ్ళీ దీని మీదికే రా, తెల్లవారేదాకా ఉండు" అన్నారు.

ఆ తొందరకు కారణముంది. 930 నుంచి 960 నానోమీటర్ల దాకా మన భూమి వాతావరణంలోని నీటి ఆవిరే కాంతిని తినేస్తుంది. మా మెట్టు సరిగ్గా దాని గుమ్మం ముందు నిలబడింది. మెట్టు క్వాసార్‌దే, కానీ దాని పక్కనున్న ఆకారం ఎంతవరకు క్వాసార్‌ది, ఎంతవరకు మన గాలిది అని విడదీయాలంటే, అదే దిక్కున, అదే గంటలో ఒక తెల్లటి నక్షత్రాన్ని కొలిచి ఉండాలి. తెల్లవారాక ఆ నక్షత్రం ఎంత కావాలన్నా రాదు. అది తీసుకుని మళ్ళీ క్వాసార్ మీదికి వెళ్ళాం. తూర్పు తెల్లబడి, ఆకాశపు వెలుగు లెక్కకు మించేదాకా కాంతి పోగుచేశాం.

బయటికి వచ్చాక ఏడ్చాను. ఎందుకో సరిగ్గా చెప్పలేను. ఆ కాంతి బయల్దేరినప్పుడు విశ్వం వయసు సుమారు 82 కోట్ల సంవత్సరాలు. భూమి లేదు, సూర్యుడు లేడు. దాదాపు 1,300 కోట్ల ఏళ్ళు నడిచి వచ్చి మా డిటెక్టర్‌లో పడింది. ఈ వాక్యాన్ని చదువుకునే రోజుల్లో ఎన్నోసార్లు రాశాను. ఆ ఉదయం మొదటిసారి అది నాకు జరిగిన సంగతి అయింది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటారు చాలామంది. దొరికేదాకా పట్టిన కాలం కంటే ఆ తర్వాత పట్టినదే ఎక్కువ. కృష్ణబిలం బరువు తెలియాలంటే మెగ్నీషియం గీత కావాలి. అసలు 280 నానోమీటర్ల దగ్గరుండే ఆ గీత మా క్వాసార్‌కు 2.13 మైక్రాన్ల దగ్గర పడుతుంది. కొండ మీద తీసిన డేటాలో అక్కడ గుసగుసలా ఉందే తప్ప కొలిచేంత లేదు. మార్చి చివర్లో జెమిని అబ్జర్వేటరీ వాళ్ళ 'ఫాస్ట్ టర్నరౌండ్' కార్యక్రమానికి దరఖాస్తు పెట్టాం. అక్కడ గడువు నెలనెలా ఉంటుంది. ఒక ఆశ్చర్యం: దరఖాస్తు పెట్టినవాళ్ళే ఒకరి దరఖాస్తులు మరొకరు చదివి మార్కులు వేయాలి. నా ప్రపోజల్ గతి తెలియక ఆందోళనలో ఉంటూనే ఇతరుల ప్రపోజళ్ళను న్యాయంగా చదవాలి. అది నాకు మేలే చేసింది. పక్కవాళ్ళు ఏ వాక్యం దగ్గర తడబడుతున్నారో చూశాక నా రాత మారింది.

మంజూరైంది. ఈసారి కొండెక్కక్కర్లేదు. వాతావరణం కుదిరిన రాత్రి అక్కడివాళ్ళే మన పరిశీలన చేస్తారు, ఉదయం మెయిల్ వస్తుంది. సౌకర్యమే, కానీ ప్రతి ఉదయం ఆ మెయిల్ కోసం చూడటం వేరే రకం అలసట. మే మొత్తం ఏమీ రాలేదు. జూన్‌లో సగం డేటా, జులై మధ్యలో మిగతాది వచ్చాయి. గీత వెడల్పు నుంచి వాయువు వేగం, వేగం నుంచి, వెలుగు నుంచి బరువు. సుమారు వంద కోట్ల సూర్యులంత అని వచ్చింది. ఈ పద్ధతిలో మూడు రెట్లు అటూ ఇటూ కావచ్చు, ఎందుకంటే ఈ సూత్రాన్ని దగ్గరి గెలాక్సీల మీద సరిచూసి ఇంత దూరానికి వాడుతున్నాం. వార్తల్లో ఈ 'అటూ ఇటూ' రాలిపోతుంది.

ఆ సాయంత్రం కాగితం మీద ఒక లెక్క వేశాను. కృష్ణబిలం ఎడింగ్టన్ హద్దు (తన చుట్టూ పుట్టే వెలుగు వాయువును వెనక్కి నెట్టేయకుండా తినగలిగే గరిష్ఠ వేగం) దాకా తింటూ పోతే, సుమారు 5 కోట్ల ఏళ్ళకొకసారి 2.7 రెట్లవుతుంది. వంద సూర్యుల విత్తనం వంద కోట్లు కావాలంటే అలా 16 సార్లు జరగాలి, అంటే 80 కోట్ల ఏళ్ళు. విశ్వం వయసే అప్పటికి 82 కోట్లు. మొదటి నక్షత్రాలు పుట్టడానికే అందులో పది కోట్ల ఏళ్ళకు పైగా పోవాలి. కుదరదు. విత్తనం పెద్దదై ఉండాలి, లేదా మధ్యలో హద్దు మీరి తిని ఉండాలి. సెమినార్లలో ఇది చాలాసార్లు విన్నాను. మనం కొలిచిన వస్తువుకే ఆ లెక్క కుదరకపోతే కలిగే ఆలోచన వేరు. రెండు మూడు రోజులు వేరే పని మీద మనసు నిలవలేదు.

చాలామంది అడిగే మొదటి ప్రశ్న, ఇదేనా అన్నిటికంటే దూరమైనది అని. కాదు. 2017 డిసెంబర్‌లో ప్రకటించినది 7.54, 2021లో వచ్చినది 7.64. మా దానికి రికార్డు లేదు. ఉండాల్సిన అవసరం కూడా లేదని గట్టిగా నమ్ముతాను. ఒకటి రెండు వింతల వల్ల ఈ చిక్కు విడిపోదు. ఆ కాలంలో ఎన్ని ఉన్నాయి, ఎలాంటివి ఉన్నాయి అన్న లెక్క కావాలి. జాబితా అడుగున పడి ఉన్నవి దొరికితేనే ఆ లెక్క సరైనదవుతుంది.

పేపర్ సెప్టెంబర్‌లో పంపాం. నవంబర్‌లో రివ్యూ వచ్చింది. సమీక్షకుడెవరో తెలియదు, కానీ అన్నిటికంటే మంచి సూచన ఆ మనిషిదే. దొరికిన క్వాసార్‌తో పాటు, కాదని తేలిన మరుగుజ్జులన్నిటి వివరాలూ పట్టికగా ఇవ్వమన్నారు. మరొకరు అదే చుక్కల మీద రాత్రులు ఖర్చుపెట్టకుండా ఉంటారు. కొండ మీద నేను రాసుకున్న నోట్సు యథాతథంగా ఆ పట్టికకు మూలమైంది. అందుకే చెప్తున్నాను, 'నెక్స్ట్' అన్న ప్రతిదానికీ ఎందుకన్నామో అప్పుడే రాసిపెట్టుకోండి.

ఒక పని ఇంకా మిగిలే ఉంది. మెగ్నీషియం గీత ఇచ్చే రెడ్‌షిఫ్ట్ అంత కచ్చితం కాదు, క్వాసార్ దగ్గరి వాయువు ఎటో కదులుతూ ఉంటుంది. అది ఉన్న గెలాక్సీ రెడ్‌షిఫ్ట్ కావాలంటే, అయనీకృత కార్బన్ విడిచే 158 మైక్రాన్ల గీతను ఆల్మా రేడియో టెలిస్కోపులతో పట్టాలి. మా దానికి అది 250 గిగాహెర్ట్జ్‌కు కొంచెం కిందగా పడాలి. ఏప్రిల్‌లో, కొండ దిగిన కొద్ది వారాలకే ఆ ప్రపోజల్ రాశాం. ఆగస్టులో మంజూరైంది. ఆల్మాలో యాంటెన్నాల అమరికను ఏడాది పొడవునా మారుస్తుంటారు, మాకు కావలసిన అమరిక వచ్చేదాకా ఆగాలి. ఈలోగా జాబితా అడుగున ఇంకా చూడనివి మిగిలాయి. వాటికోసం మార్చి గడువుకు కొత్త ప్రపోజల్ మొదలుపెట్టాను. ఈసారి సమయం లెక్క పేజీ ముందు రాశాను.